నాక్సోస్‌లో చిన్న హోటల్ బుక్ చేసేముందు మెట్లు లెక్కపెట్టండి

గ్రీస్‌లో నాక్సోస్ దీవికి రెండుసార్లు వెళ్లాను, మొదటిసారి ఒక్కణ్ణే, రెండోసారి అమ్మానాన్నలతో. మొదటిసారి గదిని ఫొటో చూసి బుక్ చేశాను. తెల్లటి గోడ, నీలం కిటికీ, కిటికీలోంచి సముద్రం, కింద "రేవు నుంచి ఐదు నిమిషాలు" అని రాసుంది. అబద్ధమేం కాదు, ఐదు నిమిషాలే, కాకపోతే ఆ ఐదు నిమిషాలూ పైకి ఎక్కడమే. రాత్రి పదకొండుకి ఓడ దిగి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఆ రాతి సందుల్లో ఎక్కుతుంటే, చక్రాలు ఒక్కో మెట్టుకీ టక్కుమని కొట్టుకుంటుంటే, పై కిటికీలోంచి ఒక ముసలావిడ తొంగిచూసి ఏదో అంది. తిట్టిందో జాలిపడిందో, నాకు గ్రీకు రాదు కాబట్టి ఇప్పటికీ తెలీదు. పొద్దున్నే లేచి లెక్కపెట్టాను, 83 మెట్లు. గది మాత్రం ఫొటోలో ఉన్నట్టే ఉంది, అందుకే ఆ హోటల్ మీద కోపం లేదు. అడగాల్సింది అడక్కపోవడం నా తప్పు.

రెండోసారి అమ్మ మోకాళ్లని కూడా లెక్కలో వేసుకోవాల్సి వచ్చింది. మూడు వారాల పాటు రోజూ ఆఫీసయ్యాక కూర్చుని గదులు పోల్చాను, చివరికి మూడు మిగిలాయి, వాటిలోంచి ఒకటి తేల్చుకున్నాను. ఆ పోల్చడంలో తెలిసినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అందరూ అడిగే ప్రశ్న, సాంటోరిని దీవి వదిలేసి నాక్సోస్ ఎందుకు? సాంటోరినిలో మీరు డబ్బు కట్టేది గదికి కాదు, ఆ అగ్నిపర్వతపు లోయ కనిపించే బాల్కనీకి. అది కావాలంటే అక్కడికే వెళ్లాలి, ఇంకెక్కడా దొరకదు. నాక్సోస్ సంగతి వేరు. సైక్లడీస్ అనే ఈ గ్రీకు దీవుల గుంపు అంతట్లోకీ ఇదే పెద్దది, సుమారు 430 చదరపు కిలోమీటర్లు. ఆలుగడ్డలు పండిస్తారు, ఆవుల్ని మేపి గ్రావియేరా అనే జున్ను చేస్తారు, అంటే టూరిస్టులు రాకపోయినా బతికే ఊరు. అందుకే ఒక కుటుంబం నడుపుకునే పది పన్నెండు గదుల చోట్లు ఇక్కడ బోలెడు, రేట్లు కూడా మనిషి తట్టుకునేలా ఉంటాయి. సాంటోరిని చూడాలనుంటే ఇక్కణ్ణుంచి ఓడలో రెండు గంటలు, ఒక రాత్రి ఉండి రండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తే, నాక్సోస్‌లో హోటల్ కంటే ముందు ఎంచుకోవాల్సింది పేట. ఒకే ధర, ఒకే రేటింగ్ ఉన్న రెండు గదుల్లో ఒకటి మీకు స్వర్గం, ఇంకోటి నరకం కావచ్చు, తేడా అంతా అది ఎక్కడుంది అన్నదే.

ఓడ ఆగే ఊరి పేరు హోరా. దాని నెత్తిన కాస్ట్రో ఉంది, అంటే కోట. 1207లో మార్కో సనూదో అనే వెనిస్ దొర దీవిని పట్టుకుని కట్టించుకున్నాడు, ఇప్పటికీ కొన్ని గుమ్మాల పైన ఆ వెనిస్ కుటుంబాల రాతి చిహ్నాలు కనిపిస్తాయి. కోట కింద వాలులో బుర్గోస్ అనే పాత పేట. ఈ రెండిట్లోనూ పాత ఇళ్లనే చిన్న హోటళ్లుగా మార్చారు, మందపాటి గోడలు, వంపు తిరిగిన కప్పులు, తలుపు తీస్తే బుగన్‌విలియా. అందంలో వీటికి సాటి లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ కారు లోపలికి రాదు, ట్యాక్సీ రేవు దగ్గరే దింపేసి చేతులు దులుపుకుంటుంది, మీ సామాను మీరే మోయాలి. మెట్లు అరిగిపోయి నున్నగా ఉంటాయి, వాన పడితే జారతాయి. సముద్రపు ఒడ్డు వైపు గది తీసుకుంటే కింద బార్ల పాట అర్ధరాత్రి దాటినా వినిపిస్తుంది. ముప్పై ఏళ్ల లోపు జంట, ఒక్కో వీపున ఒక్కో బ్యాగు, రెండు రాత్రులు, అయితే కళ్లు మూసుకుని ఇక్కడే తీసుకోండి. పెద్దవాళ్లు, స్ట్రోలర్‌లో పిల్ల, నాలుగు సూట్‌కేసులు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సాయంత్రం నడవడానికి వెళ్లండి చాలు, పడుకోవడానికి వద్దు.

ఊరికి ఉత్తరాన గ్రొట్టా. పోర్టారా అని, క్రీస్తు పూర్వం 530 ప్రాంతంలో మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన అపోలో గుడి గుమ్మం ఒకటి సముద్రం పక్కన నిలబడి ఉంటుంది, నాక్సోస్ ఫొటోల్లో మీరు చూసేది అదే. దానికి ఎదురుగా బాల్కనీలున్న చిన్న హోటళ్లు ఈ గ్రొట్టాలో ఉన్నాయి, సూర్యాస్తమయం గదిలోంచే చూడొచ్చు. ఒకటే చిక్కు, జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమీ అనే గాలి వీస్తుంది, అది నేరుగా ఈ పేట మొహాన్నే కొడుతుంది. బాల్కనీలో టీ కప్పు నిలవదు. మేలోనో సెప్టెంబరు చివర్లోనో అయితే పర్వాలేదు.

దక్షిణం వైపు ఊరిని ఆనుకునే ఒక బీచ్, బోర్డుల మీద సెయింట్ జార్జ్ అని, జనం నోట అయ్యోస్ యోర్గోస్ అని. రేవు నుంచి నడిస్తే పావుగంట, దారి చదును. నీళ్లు చాలా దూరం దాకా మోకాలి లోతే, పిల్లలకీ పెద్దలకీ భయం లేదు. బీచ్ వెనక సందుల్లో రెండంతస్తుల చిన్న హోటళ్లు, వంటగట్టు ఉన్న స్టూడియోలు వరసగా ఉంటాయి. ఫొటోల్లో మామూలుగా కనిపిస్తాయి, మన విజయవాడలో డాబా ఇల్లు తెల్ల సున్నం వేసినట్టు, అందుకే జనం స్క్రోల్ చేసి వెళ్లిపోతారు. నన్నడిగితే నాక్సోస్‌కి మొదటిసారి, అందులోనూ కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి పేట లేదు. బస్సు, ఓడ, కిరాణా, మందుల షాపు అన్నీ నడిచేంత దూరంలోనే.

ఇంకా కిందికి పోతే అయ్యోస్ ప్రొకోపియోస్, దాని పక్కన ఆయియా అన్నా. పేరు పలికితే "అయ్యా, అన్నా" అని ఇద్దర్ని పిలిచినట్టుంటుందని నాన్న రోజంతా నవ్వాడు. ఆ తర్వాత ప్లాకా. ఊరి నుంచి ఐదు నుంచి ఎనిమిది కిలోమీటర్లు. ఇసుక, నీళ్లు దీవిలోకెల్లా ఇక్కడే బాగుంటాయి, ప్లాకా అయితే నాలుగు కిలోమీటర్ల ఒకే ఒడ్డు. రోజంతా సముద్రంలోనే ఉంటాం, సాయంత్రం ఊళ్లో తిరగాలన్న పట్టింపు లేదు అనేవాళ్లకి ఇదే సరి. వేసవిలో రేవు పక్కనుంచే బస్సులు తరచుగా ఉంటాయి, అక్టోబరు వచ్చేసరికి పలచబడతాయి. ట్యాక్సీలు దీవి మొత్తానికీ కొన్నే, ఓడ దిగిన వేళ దొరకవు. మిక్రి విగ్లా గాలి మీద ఆటలాడే కైట్‌సర్ఫింగ్ వాళ్ల అడ్డా, మీరు ఆ బాపతు కాకపోతే వదిలేయండి.

కొండ ఊళ్లలో హల్కి, అపిరాంథోస్ రెండూ చూడాల్సినవే. హల్కిలో 1896 నుంచి నడుస్తున్న కిట్రోన్ బట్టీ ఉంది, దబ్బ జాతి చెట్టు ఆకులతో చేసే మద్యం అది. అపిరాంథోస్‌లో వీధులకే పాలరాయి పరిచారు. రాత్రి చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది, గదులు తక్కువ, బస్సులు రోజుకి కొన్నే. కారు లేకుండా అక్కడ గది తీసుకోవద్దు. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి, అది ఇండియాలోనే ఆర్టీవో ఆఫీసులో తీసుకుని బయలుదేరాలి, అక్కడికెళ్లాక దొరకదు.

పేట తేలాక హోటలా, స్టూడియోనా, అపార్ట్‌మెంటా? గ్రీకు దీవుల్లో హోటళ్లు కాకుండా డొమాటియా అని ఒక రకం ఉంది, అంటే అద్దె గదులు, ఇంటివాళ్లు కిందో పక్కనో ఉంటారు. వీటిలో చాలావాటికి చిన్న వంటగట్టు, రెండు కరెంటు ప్లేట్లు, ఫ్రిజ్ ఉంటాయి. మనవాళ్లకి ఇదే హాయి, ఎందుకంటే ఐదు రోజులు మూడు పూటలా బయట తినడం పెద్దవాళ్ల వల్ల కాదు. అలాగని శాకాహారులు భయపడక్కర్లేదు. సెప్టెంబరులో ఒక టవెర్నాలో, అంటే అక్కడి చిన్న భోజనశాలలో, వ్లీటా అని ఆకుకూర తెప్పించాను, నిమ్మకాయ, ఆలివ్ నూనె వేసి ఉడికించినది. అమ్మ ఒక కాడ తీసి వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది తోటకూర కదరా, పోపు పెట్టకుండా తెచ్చాడు" అంది. నిజమే, వ్లీటా అంటే తోటకూర జాతే. ఫావా అడిగితే ఉల్లిపాయ ముక్కలతో పసుపుపచ్చటి ముద్దపప్పు వస్తుంది. ఇంకో మాట, ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు నెయ్యి సీసా పెట్టుకోకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. ఊరగాయకి అడ్డం లేదు.

డబ్బు తేడా ఇక్కడ ఒకటి ఉంది, సైట్లలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. గ్రీస్‌లో గదికి, రాత్రికి ఇంత అని వాతావరణ రుసుము కట్టాలి, చాలాచోట్ల హోటల్లోనే వసూలు చేస్తారు. 2025 నుంచి ఏప్రిల్-అక్టోబరు మధ్య రేట్లివి: ఒకటి రెండు స్టార్ల హోటళ్లకీ, అద్దె గదులకీ 2 యూరోలు, మూడు స్టార్లకి 5, నాలుగుకి 10, ఐదుకి 15, ఆన్‌లైన్‌లో రోజువారీ అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లకి 8. ఐదు రాత్రులకి అద్దె గదికైతే 10 యూరోలు, అపార్ట్‌మెంట్‌కైతే 40, నాలుగు స్టార్లైతే 50. "ఇది ఐదు యూరోలు చవక" అని అపార్ట్‌మెంట్ తీసుకునేవాళ్లు ఈ లెక్క వేస్తే ఆ చవక ఎక్కడికో పోతుంది. పైగా అపార్ట్‌మెంట్‌లో తాళం పెట్టెలో ఉంటుంది, మనిషి ఉండడు, రాత్రి గీజర్ పనిచేయకపోతే మెసేజ్ పెట్టుకుని కూర్చోవాలి. నాకు మనిషి ఉన్న చోటే ఇష్టం.

బుకింగ్ సైట్ ద్వారానా, నేరుగానా అన్నది ఇంకో పెద్ద చర్చ. సైట్లు హోటల్ దగ్గర సుమారు 15 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కమీషన్ తీసుకుంటాయి. పూర్వం సైట్‌లో పెట్టిన రేటు కంటే సొంత వెబ్‌సైట్‌లో తగ్గించకూడదని హోటళ్ల చేత రాయించుకునేవాళ్లు, యూరప్ డిజిటల్ మార్కెట్ల చట్టం వచ్చాక 2024లో బుకింగ్ డాట్ కామ్ అక్కడ ఆ షరతు ఎత్తేసింది. అంటే ఇప్పుడు ఓనర్‌కి నేరుగా రాసి "మీ దగ్గరే చేస్తే ఎంత" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. నాకు సైట్‌లో రాత్రికి 90 ఉన్న గది నేరుగా 80కి వచ్చింది, రేవు నుంచి పికప్ కూడా అందులోనే. ఎదురుగా ఉన్న నష్టమేంటంటే, డిపాజిట్ అడుగుతారు, తేడా వస్తే మధ్యవర్తి లేడు. అందుకే డబ్బు పంపేముందు ఒక పని చేయండి. గ్రీస్‌లో చట్టబద్ధంగా నడిచే హోటళ్లకి, అద్దె గదులకి ఎంహెచ్‌టీఈ అని ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, రోజువారీ అద్దె ఇళ్లకైతే ఏఎంఏ నంబరు. సొంత వెబ్‌సైట్‌లో కింద రాసి ఉంటుంది, లేకపోతే అడగండి. అడిగితే నసిగేవాళ్లకి ఒక్క యూరో కూడా పంపకండి. కార్డు గీకేటప్పుడు మిషన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయల్లో వాళ్ల మారకం రేటు ఎప్పుడూ మనకి నష్టమే.

ఇండియా నుంచి వీసాకి అప్లై చేసేవాళ్ల పరిస్థితి వేరు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి, పెద్దవాళ్లకి ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, ఎక్కడ బస చేస్తారో చూపించాలి. వీసా చేతికి రాకుండా డబ్బు వాపసు రాని గది తీసుకోవడం అంటే ఉట్టి పుణ్యానికి టెన్షన్ కొనుక్కోవడమే. కాబట్టి ముందు సైట్‌లో ఉచిత క్యాన్సిలేషన్ ఉన్నది పెట్టి, వీసా వచ్చాక ఓనర్‌తో మాట్లాడండి. నకిలీ బుకింగ్ కాగితం ఇస్తామనే ఏజెంట్ల జోలికి పోవద్దు. మా అమ్మానాన్నలు జర్మనీలో ఉన్న నా దగ్గరికి వచ్చారు కాబట్టి ఆ షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) మీదే గ్రీస్ కూడా చూశారు.

ఉచిత క్యాన్సిలేషన్‌కి ఐదారు యూరోలు ఎక్కువ పడినా నేను కట్టేస్తాను, దానికి కారణం గాలి. ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవు నుంచి పెద్ద ఓడలో ఐదు గంటల పైన, వేగంగా పోయే క్యాటమరాన్‌లో మూడున్నర గంటల చిల్లర. గాలి మరీ ముదిరితే ఓడల్ని కదలనివ్వరు, ముందు ఆగిపోయేవి క్యాటమరాన్లే. మొదటి ట్రిప్పులో నాకలాగే అయింది, ఓడ టికెట్ డబ్బు తిరిగొచ్చింది కానీ హోటల్ మొదటి రాత్రి డబ్బు పోయింది, వాళ్ల రూల్ ప్రకారం వాళ్లది తప్పు కాదు. ఇంటికి వెళ్లే విమానానికి ముందు రాత్రి మాత్రం ఏథెన్స్‌లోనే పడుకోండి, దీవిలో వద్దు. ఏథెన్స్ నుంచి నాక్సోస్‌కి చిన్న విమానాలూ ఉన్నాయి, నలభై నిమిషాల్లో దింపేస్తాయి, కానీ సీట్లు తక్కువ, వేసవిలో ధర మండిపోతుంది.

నెల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఆగస్టు 15 మరియమ్మ పండగ, గ్రీకులంతా దీవుల్లోనే ఉంటారు, మేలో తీసుకునే రేటుకి రెట్టింపు అడుగుతారు, అది కూడా శీతాకాలంలోనే బుక్ చేసుకున్నవాళ్లకి దొరుకుతుంది. జూన్, సెప్టెంబరు రెండు మూడు నెలల ముందు చూస్తే చాలు. సెప్టెంబరులో సముద్రం వేసవంతా కాగి వెచ్చగా ఉంటుంది, జనం పలచబడతారు, నా ఓటు దానికే. అక్టోబరు చివరికి చిన్న హోటళ్లు చాలావరకు తాళం వేసుకుంటాయి, మళ్లీ ఈస్టర్ ప్రాంతంలో తెరుస్తారు.

ఇక నా మూడు గదుల సంగతి. ఒకటి బుర్గోస్‌లో, బాల్కనీ నుంచి రేవు మొత్తం కనిపిస్తుంది, రేటింగ్ అన్నిటికంటే ఎక్కువ. రెండోది ప్లాకాలో ఇసుక మీదే. మూడోది సెయింట్ జార్జ్ బీచ్ వెనక సందులో స్టూడియో, ఫొటోల్లో పరుపు మీద పూల దుప్పటి, గోడకి పాతకాలపు ఏసీ, చూస్తే మనసు రాదు. ముగ్గురికీ ఒకే ఈమెయిల్ పెట్టాను, చిన్న వాక్యాల్లో. కారు ఆగే చోటు నుంచి గది తలుపు దాకా ఎన్ని మెట్లు, "సుమారు" వద్దు, అంకె చెప్పండి అన్నాను. మేం రాత్రి పదకొండుకి దిగుతాం, అప్పుడు మనిషి ఉంటాడా, తీసుకెళ్లడానికి వస్తారా అని అడిగాను. మంచాలు విడివిడిగా ఉన్నాయా, రెండు జోడించి ఒకటన్నారా అని కూడా, ఎందుకంటే ఇక్కడ డబుల్ బెడ్ అంటే మధ్యలో గాడి ఉన్న రెండు పరుపులు కావడం మామూలే. చెప్పిన రేటులో ఆ వాతావరణ రుసుము ఉందా లేదా అని చివర్న అడిగాను.

స్టూడియో ఆయన గంటలో జవాబిచ్చాడు. "మూడు మెట్లు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉంది, వాటిని మా అమ్మ కూడా రోజూ ఎక్కుతుంది, రుసుము రెండు యూరోలు విడిగా, రాత్రి ఎంతైనా వ్యాన్ తెస్తాను, ఓడ ఆలస్యమైతే మెసేజ్ పెట్టండి" అని. ప్లాకావాళ్లు రెండు రోజుల తర్వాత బుకింగ్ సైట్ లింకు ఒకటి పంపి ఊరుకున్నారు. బుర్గోస్ నుంచి వచ్చిన జవాబులో గది నుంచి కనిపించే సూర్యాస్తమయం గురించి నాలుగు వాక్యాలున్నాయి, మెట్ల గురించి ఒక్క ముక్క లేదు.